ఊబకాయం మాటల్లో 'మనం' ఎవరు?

2025 ఫిబ్రవరి 23న 'మన్ కీ బాత్'లో ప్రధాని ఊబకాయం గురించి మాట్లాడుతూ వంటనూనె వాడకం 10 శాతం తగ్గించమన్నారు. ఆగస్టు 15న ఎర్రకోట మీంచీ అదే మాట. డాక్టర్లు, పోషకాహార నిపుణులు ఎప్పట్నించో చెబుతున్నదీ ఇదే: మనం ఎక్కువ తింటున్నాం, తక్కువ కదులుతున్నాం అని. ఈ 'మనం' ఎవరన్నదే నా పేచీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 24 శాతం మందికి అధిక బరువో ఊబకాయమో ఉంది. 18.7 శాతం మంది ఉండాల్సిన బరువు లేరు. 57 శాతం మందికి రక్తహీనత. కూలికి పోయొచ్చి ఇంత చారు నీళ్లలో కంచెడన్నం కలుపుకునే మనిషి తిన్నది ఎక్కువా, తక్కువా? కడుపుకి ఎక్కువే, ఒంటికి తక్కువ. దీన్ని నిపుణులు 'ఆహారపు అలవాటు' అంటారు. అలవాటు కాదది, రేషన్ డీలరు తూచిన తూకం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న, సజ్జ కంచంలోంచి జరిగిపోయాయి. (ఆకలి తీర్చిందీ ఆ బియ్యమే, దాచేదేముంది. మా పెద్దోళ్లకి వరన్నం పండక్కే దొరికేది.) 2013లో అమ్మహస్తం సంచిలో పామాయిల్ పెట్టింది సర్కారే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నదీ సర్కారే. పప్పు, గుడ్డు, మాంసం అంతంత తూకంలో ఏనాడైనా ఇచ్చారా?

ఇక చిరుధాన్యాలు. జొన్నగటక తింటారని ఎగతాళి పడ్డవాళ్ల తిండికి 2023 బడ్జెట్‌లో 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. 'శ్రీ' తగిలాక అది సూపర్ మార్కెట్ ప్యాకెట్లో కూచుంది. జహీరాబాద్ వైపు దళిత ఆడవాళ్ల సంఘాలు బీడు భూముల్లో జొన్న పండించి, 1990ల్లోనే ఊళ్లో రేషన్‌గా పంచాయి. పోషకాహారం మీద మాట్లాడే వేదికల మీద నిపుణులుగా కూచోవాల్సింది వాళ్లు.

పెద్దకూర సంగతి మరీ విచిత్రం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పోషక విలువల పట్టికల్లో పశుమాంసానికి చోటుంది. సలహా చెప్పే నోటికి మాత్రం ఆ పేరు రాదు. మొన్న ఒక క్లినిక్‌లో మా పెద్దమ్మకి షుగర్ మందులతో పాటు డైట్ చార్టు ఇచ్చారు: ఓట్స్, పనీరు, మొలకలు. పెద్దకూర తినొచ్చా అని ఆమె అడగలేదు. అడిగితే ఎట్లా చూస్తారో ఆమెకి తెలుసు.