కెల్డర్ : ఒక డచ్చి పదముయొక్క వ్యుత్పత్తి విమర్శ

డచ్చి భాషలో నేలమాళిగకు ‘కెల్డర్’ అని పేరు. లాటినులో నిలువగదికి ‘కెల్లా’ అనియు, కొట్టునకు ‘కెల్లారియుమ్’ అనియు పేర్లు కలవు. ఈ రెండు భాషలును ఇండో-యూరోపియను కుటుంబమునకు చెందినవి గావున కెల్డర్ శబ్దము మూలభాషనుండి సంక్రమించిన ఉమ్మడి సొత్తని తోచవచ్చును. కాని యీ యూహ పరీక్షకు నిలువదు.

1822లో యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించిన ధ్వనినియమము ననుసరించి, లాటినులో పదాదిని కకారమున్నచోట డచ్చి మున్నగు జర్మానిక్ భాషలలో హకారము కనబడును. నూఱు అను అర్థమున లాటిను ‘కెంటుమ్’, డచ్చి ‘హోండర్డ్’. కుక్కకు ‘కానిస్’, ‘హోండ్’. కొమ్మునకు ‘కోర్నూ’, ‘హోర్న్’. కెల్డర్ వారసత్వపదమే యైనచో హకారముతో మొదలు కావలసియుండెను. అట్లు కాకుండుటచే అది ఎరవుమాట యని తేలుచున్నది. ఎప్పటి యెరవు? ఎకారమునకు ముందున్న లాటిను కకారము తరువాతి కాలమున మాఱిపోయినది. కెల్డర్‌లో కకారము చెడక నిలిచినది గావున ఆ మార్పునకు పూర్వమే యీ మాట చేరినదనుట యుక్తము. నడిమి డకారము లకార రేఫల మధ్య వచ్చిన ఆగమము. జర్మను ‘కెల్లర్’ పదమున అది లేదు. లాటిను ‘సోలారియుమ్’ డచ్చిలో ‘జోల్డర్’ (అటుక) అగుటయందును ఇదే ఆగమము కలదు.

‘కెల్లా’ శబ్దమే తరువాత మఱల డచ్చిలో ప్రవేశించి ‘సెల్’ అయినది. సన్న్యాసి గదికిని, చెరసాల గదికిని ఇది పేరు. ఇందలి సకారము అర్వాచీనతకు గుర్తు. మన పరిభాషలో కెల్డర్ తద్భవము వంటిది, సెల్ తత్సమము వంటిది. ‘శ్రీ’, ‘సిరి’ శబ్దములు మనకు రెండు తెరువుల వచ్చిన తీరు ఇచట స్మరింపదగినది.

మఱి అసలైన జ్ఞాతిపదమేది? దాచుట యను అర్థముగల డచ్చి ‘వెర్‌హేలెన్’. లాటినున అదే అర్థముగల ‘కేలారే’, ‘కెల్లా’ శబ్దములు దీనితో ఏకధాతుజన్యములు. ఇందు హకారము నియమానుసారముగా నున్నది. చెవికి పోలినది ఎరవుగాను, పోలనిది జ్ఞాతిగాను తేలినది.

తెలుగు పదములకు సంస్కృతమూలమునో ద్రావిడమూలమునో నిర్ణయించునపుడు ధ్వనిసామ్యమొక్కటే ప్రమాణముగా గైకొను వ్యాసములు నేటికిని కనబడుచున్నవి. అట్టివారు ముందుగా ధ్వనినియమమును చూపవలెను. అనంతరము ఆ పదము ఏ కాలమున, ఏ తెరువున వచ్చినదో నిరూపింపవలెను. ఈ రెండును లేని వ్యుత్పత్తి ఊహయే కాని నిర్ణయము కానేరదు.