వలస నుంచి కాందిశీకత్వానికి: ‘రంగం’ తరం - కళింగాంధ్ర సాహిత్య విమర్శ

కళింగాంధ్ర సాహిత్య విమర్శలో ‘వలస’ అనే మాటకు స్థిరమైన చోటు ఉంది. కరవుకూ అప్పుకూ తాళలేక శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ప్రజలు ఊరు విడిచి వెళ్ళడాన్ని అది సూచిస్తుంది. అయితే వెళ్ళినవారి సంతానం పరదేశంలోనే పుట్టి పెరిగి, అక్కడ నిలువ నీడ లేక తల్లిదండ్రుల ప్రాంతానికి చేరినప్పుడు ఆ అనుభవాన్ని ఏ పేరుతో పిలవాలి? బర్మా తెలుగువారి చరిత్ర లేవనెత్తే ప్రశ్న ఇది. ఈ అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి ‘వలస’ అనే భావన చాలదనీ, కాందిశీకత్వాన్ని ప్రత్యేకమైన విమర్శ భావనగా గుర్తించాలనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల ప్రజల నోట రంగూన్ ‘రంగం’ అయింది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కిన కూలీలు మేస్త్రీల కింద రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి కుదిరారు; రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయుల సంఖ్య 10 లక్షలు దాటింది. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె దరిమిలా చెలరేగిన అల్లర్లు ఆ బతుకు ఎంత అస్థిరమో చూపాయి. 1941 డిసెంబర్ 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్ దారుల్లో కాలినడకన స్వదేశం చేరారు. దారిలోనే వేలమంది మరణించారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 నుంచి ఓడల్లో మరో తరం తరలివచ్చింది. విశాఖపట్నం కంచరపాలెం ప్రాంతంలోని ‘బర్మా క్యాంపు’ అనే పేరు ఆ రాకకు నేటికీ సాక్ష్యం.

ఈ రెండు రాకలు ఒకటి కావు. 1942లో వచ్చినవారికి యుద్ధం ముగిశాక తిరిగి వెళ్ళవచ్చుననే ఆశ ఉండేది. కొందరు వెళ్ళారు కూడా. 1964లో వచ్చినవారికి ఆ దారి మూసుకుపోయింది. ప్రభుత్వ పత్రాలు వీరిని ‘రిపాట్రియేట్లు’ అన్నాయి, అంటే స్వదేశానికి తిరిగి వచ్చినవారు. రంగూన్‌లో పుట్టిన పదేళ్ళ బాలికకు ఈ మాట వర్తించదు. ఎన్నడూ చూడని చోటికి ఎవరైనా ‘తిరిగి’ ఎలా వస్తారు? తెలుగు పత్రికల వాడుకలోని ‘కాందిశీకులు’ అనే మాట ఇక్కడ ఎక్కువ నిజాయితీ గలది. ‘ఏ దిక్కుకు’ అనే ప్రశ్న నుంచి ఈ సంస్కృత పదం పుట్టిందని వ్యుత్పత్తికారులు చెబుతారు. తెలుగులో ‘దిక్కు’ అంటే దిశ మాత్రమే కాదు, ఆసరా కూడా. ఆ బాలిక పోగొట్టుకున్నది ఈ రెండింటినీ.

ఈ దృష్టితో చూస్తే కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కొత్త ప్రశ్నలను ముందుంచుతుంది. రెండో నిష్క్రమణ మొదలైన 1964లోనే ఈ కథ వెలువడడం యాదృచ్ఛికమే కావచ్చు. పోలిక మాత్రం ఫలవంతమైనది. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు కొడుక్కి, మనుమడికి సంక్రమించబోతుంది. ఆ వారసత్వాన్ని తెంచడానికి సీతారాముడు తన పసిబిడ్డనే చంపుతాడు. ‘యజ్ఞం’లో తరం నుంచి తరానికి దిగేది అప్పు, కాందిశీక కుటుంబంలో దిగేది ఊరు. తండ్రి జ్ఞాపకాల్లోని ఊరిని బిడ్డ తనదిగా మోయాలి. ఆ ఊళ్ళో భూమి లేదు, ఇల్లు లేదు, తెలిసిన ముఖం లేదు. ఇంట్లో విన్న యాసకూ బడిలో నేర్పే తెలుగుకూ పొంతన లేదు. భూమి, అప్పు, దొరతనం అనే కొలమానాలతో కళింగాంధ్ర కథను చదివే విమర్శ ‘యజ్ఞా’న్ని లోతుగా వివరించగలిగింది. భూమితో సంబంధమే లేని క్యాంపు బాల్యం ఆ కొలమానాలకు అందదు.

ఇతర భాషల్లో ఈ అనుభవం వేరు రూపాల్లో కనిపిస్తుంది. కరుణానిధి రచనతో వచ్చిన తమిళ చిత్రం ‘పరాశక్తి’ (1952) యుద్ధకాలంలో రంగూన్ నుంచి వచ్చిన సోదరులకు మాతృభూమిలో ఎదురైన నిరాదరణను చిత్రించింది. అమితావ్ ఘోష్ ఆంగ్ల నవల ‘ది గ్లాస్ ప్యాలెస్’ (2000) 1942 నాటి నడకను కథలో భాగం చేసుకుంది. అయితే ‘పరాశక్తి’ సోదరులు తాము ఎరిగిన దేశానికే వచ్చారు. ఆ దేశం మారిపోవడమే వారి దుఃఖం. ఎరగని దేశాన్ని తనదిగా చేసుకోవలసి రావడం కాందిశీక బాల్యపు దుఃఖం. మొదటిది పోయినదాని కోసం చింత. రెండోది లేనిదాన్ని నిర్మించుకునే శ్రమ. బర్మా తెలుగువారి విషయంలో పునర్నిర్మాణం అంటే ఇల్లు కట్టుకోవడం మాత్రమే కాదు. ‘మనూరు’ అనే మాటకు అర్థం కల్పించుకోవడం కూడా.

అందువల్ల ఈ అధ్యయనం అచ్చయిన కథకూ నవలకూ పరిమితం కాకూడదు. కుటుంబాల మౌఖిక కథనాలు, ఉత్తరాలు, వంటింటి మాటలు, వీధుల పేర్లు కూడా సాహిత్య విమర్శకు ఆధారాలు కావాలి. 1964లో పదేళ్ళ వయసున్నవారు నేడు డెబ్బై దాటారు. వారు చెప్పగలిగినంత కాలంలోనే నమోదు చేయకపోతే, ఆ బాల్యం ‘వలస’ అనే పెద్ద మాటలో ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. కళింగాంధ్ర సాహిత్య చరిత్రలో ఊరు విడిచినవారికి ఒక అధ్యాయం ఉంది. ఏ ఊరూ లేకుండా వచ్చినవారికి కూడా ఒక అధ్యాయం ఉండాలి.