ఇరుకైన హృదయ కవాటములు – మందుల పరిశోధన

హృదయ కవాటములు రక్తమును ఒకే దిశకు పోనిచ్చు తలుపుల వంటివి. ఆ ద్వారము ఇరుకైనచో హృదయమునకు శ్రమ హెచ్చును. ఆయాసము, కాళ్లవాపు కలిగి, తుదకు ప్రాణాపాయము వాటిల్లును. ఈ వ్యాధికి మందు వెదకిన పరిశోధనలలో మెచ్చదగినది కలదు, ప్రశ్నింపదగినదియు కలదు.

వృద్ధులలో బృహద్ధమని కవాటముపై కాల్షియం పేరుకొని అది బిరుసెక్కును. అట్టి కవాటమునకు, కొవ్వు పట్టిన ధమనులకు పోలిక కన్పించినది. కావున కొలెస్టరాల్‌ను తగ్గించు స్టాటిన్ మందులు కవాటమును గూడ కాపాడునని ఊహించిరి. 2005లో స్కాట్లండులో 155 మందిపై, 2008లో ఐరోపాలో 1873 మందిపై జరిగిన పరీక్షల ఫలితములు వెలువడినవి. కొలెస్టరాల్ తగ్గినది, కవాటపు ఇరుకు మాత్రము ఆగలేదు. పోలిక ఉన్నంత మాత్రమున కారణము ఒకటే కానక్కరలేదని విద్యార్థులు దీనివలన గ్రహింపవచ్చును. ఓటమిని దాచక ప్రకటించిన శాస్త్రజ్ఞుల నిజాయితీ మెచ్చదగినది. ఈ కవాటపు ఇరుకును ఆపునని రుజువైన మందు నేటికిని లేదు. వ్యాధి ముదిరినచో కవాటమును మార్చవలసినదే.

మన దేశమున పిల్లలను బాధించు ఇరుకు వేరొకటి. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వచ్చిన కొన్ని వారములకు కొందరికి కీళ్లవాత జ్వరము తగులును. శరీర రక్షణశక్తి పొరపడి తన కవాటములనే గాయపరచును. ఏండ్లు గడచిన కొలది ద్విపత్ర కవాటపు రెక్కలు అతుకుకొని ద్వారము ఇరుకగును. దీనిని నివారించు మందు 1950 దశకమునాటికే దొరికినది. అది బెంజథీన్ పెన్సిలిన్. ఉగాండాలో, వ్యాధి లోలోపల మొదలైన పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితము 2022లో అచ్చయినది. రెండేండ్లలో వ్యాధి ముదిరినవారు సూది పొందినవారిలో నూటికి 0.8, పొందనివారిలో 8.2.

అయినను ఈ సూదిని మూడు, నాలుగు వారములకొకసారి ఏండ్ల తరబడి వేయవలెను. విశాఖపట్టణమునుండి అరకు పోవు రైలుదారిలోని టైడా వంటి కొండ ఊరి పిల్లకు ఈ జ్వరము వచ్చినదనుకొందము. నాలుగు వారములకొకటి చొప్పున ఏడాదికి 13 సూదులు, పదేండ్లకు 130. ప్రతిసారి తల్లి కూలి మాని వెంట నడువవలెను. ఒక సూది తప్పినచో రక్షణ సడలును.

ప్రశ్నింపదగినది ఇదియే. కొత్త మందునకు లభించిన ఆదరము, ఉన్న మందును చేరవేయు పనికి లభింపలేదు. కొన్ని నెలలపాటు పనిచేయు పెన్సిలిన్ కొరకు ఆస్ట్రేలియాలో ప్రయత్నములు సాగినవి. అట్టివి ఇంకను హెచ్చవలెను. ఈలోగా, గొంతునొప్పి తరువాత జ్వరముతో కీళ్లు వాచిన విద్యార్థిని వెంటనే వైద్యునికి చూపించు ఉపాధ్యాయుడు ఒక కవాటమును కాపాడవచ్చును.