నాలుగు పెట్టలు చాలు

మా ఇంటి వెనక కోళ్లు కనబడగానే చుట్టాలు అడిగే మొదటి మాట "నాటువేనా?" అని. కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నేనూ భీమవరం వైపు పుట్టి పెరిగినవాణ్నే. నాటుకోడి పులుసు రుచి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ హైదరాబాద్‌లో 150 గజాల ఇల్లు కట్టుకుని, వాటర్ ట్యాంకుకీ ప్రహరీగోడకీ మధ్య మిగిలిన జాగాలో కోళ్లు పెంచుదామనుకునేవాళ్లకు మాత్రం నాటుకోడి వద్దనే చెబుతాను.

నాటు పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లు. అవీ ఏకధాటిగా కాదు. ఓ డజను పెట్టాక పొదుగుడుకు కూర్చుంటుంది. పిల్లలు లేవడానికి 21 రోజులు, ఆ తర్వాత వాటిని వెంటేసుకుని తిరగడానికి రెండు మూడు నెలలు. పల్లెలో అది వరమే, మంద దానంతటదే పెరుగుతుంది. పట్నంలో పుంజు లేని పెరట్లో అదే పెట్ట ఒట్టి గుడ్ల మీద కూర్చుంటుంది. గుడ్లు తీసేస్తే ఖాళీ గంపలోనే రెక్కలు పరుచుకుని కూర్చుంటుంది. చెయ్యి దగ్గరికి పోనిస్తే ఈకలన్నీ ఉబ్బించి గుర్రుమంటుంది, పొడుస్తుంది. మేత సరిగా తినదు, పొట్ట కింద ఈకలు రాలి చర్మం ఎర్రగా కనబడుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టకు పొదిగే బుద్ధి ఉండదు, పొదిగే పెట్ట ఎక్కువ గుడ్లు పెట్టదు. ఏది కావాలో ముందు తేల్చుకుంటే జాతి ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇక మా గోదావరి జిల్లాలవాళ్ల బలహీనత జాతికోడి. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల అంటూ రంగులు చెప్పుకుంటూ గంటలు గడిపేస్తాం. చూడ్డానికి ఆ నిలువెత్తు నడకా, ఆ మెడా, నిజంగానే రాజసం. కానీ పందెం కోసం తరాలుగా ఏరి పెంచిన రక్తం అది. పెట్టలు కూడా తమలో తాము పొడుచుకుంటాయి. ఈకలు పూర్తిగా రాని పిల్లలే ఎదురెదురుగా నిలబడి మెడలు సాచుతాయి. విడివిడిగా ఉంచడానికి చోటు కావాలి. అది లేకే కదా ఈ తంటా అంతా! గుడ్లలో నాటుకోడి కంటే వెనకే.

కడక్‌నాథ్ గురించి అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చర్మం, మాంసం, ఎముక అన్నీ నలుపే. గుడ్డు మాత్రం నలుపు కాదు, లేత గోధుమ రంగు. నల్ల గుడ్డని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఏడాదికి వంద అటూ ఇటూ పెడుతుంది. దాని ఖరీదుకూ గుడ్ల లెక్కకూ పొత్తు కుదరదు. ముచ్చటకు పెంచుతామంటే కాదనను.

మోపెడ్ మీద గంపలో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలు వస్తాయి చూడండి, ఇంట్లో పిల్లలు వాటికోసం ఏడ్చి కొనిపిస్తారు. అవి చాలామటుకు గుడ్ల కోళ్ల హేచరీలు అక్కర్లేదని వదిలించుకునే మగపిల్లలు. బతికి బట్టకట్టేవే తక్కువ. బట్టకట్టినవి బక్కచిక్కిన తెల్ల పుంజులై గోడెక్కి కూస్తాయి.

తెల్ల లెగ్‌హార్న్ రకం 300 గుడ్లు పెడుతుందని ఆశపడేవాళ్లూ ఉన్నారు. పెడుతుంది, ఫారంలో, తూకం వేసిన దాణాతో. ఒక్క గుడ్డు పెంకులోకే దాని ఒంట్లోంచి సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది. వంటింట్లో మిగిలిన అన్నం పడేసి అన్ని గుడ్లు పెట్టమంటే అది ఎక్కడినుంచి తెస్తుంది? తోలుగుడ్లు పెట్టడం మొదలెడుతుంది. పైగా మహా బెదురు. కుక్కర్ విజిల్ వేసినా ఎగిరి పక్కింటి గోడ మీద వాలుతుంది.

మన హైదరాబాద్‌లోనే జవాబుంది. రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్ పశువైద్య శాస్త్రవేత్తల సృష్టే. చూడ్డానికి రంగురంగుల ఈకలతో నాటుకోళ్లలాగే ఉంటాయి. వనరాజా ఒళ్లు బరువు, మాంసానికి బావుంటుంది. కానీ ఆ బరువుతో పిల్లి వెంటపడితే చటుక్కున ఎగరలేదు, మే నెల ఎండకు ముందుగా నోరు తెరిచేదీ అదే. కోడికి చెమట పట్టదు, రొప్పడమే ముఖ్యమైన దారి. అందుకే పట్నానికి తేలికపాటి ఒళ్లు మేలు. నా ఓటు గ్రామప్రియకు. పెరట్లో కూడా ఏడాదికి 160 నుంచి 180 దాకా గోధుమరంగు గుడ్లు పెడుతుందని లెక్క. అయిదున్నర నెలలకు తొలి గుడ్డు. కాస్త మాంసం కూడా కావాలనుకుంటే శ్రీనిధి.

ఒక లోటుంది, చెప్పాలి. ఇవి సంకర రకాలు. పొదగవు. ఏదోలా పొదిగించినా పిల్లలకు తల్లి గుణం పూర్తిగా రాదు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనుక్కోవాల్సిందే. పల్లెలో ఇది పెద్ద లోపం. పెరట్లో నాలుగు కోళ్లకు మించి పట్టని మనకు అదీ మంచిదే.

పుంజు వద్దు. మా పిన్ని ఇప్పటికీ నమ్మదు, "పుంజు లేకుండా గుడ్డెలా పెడుతుందిరా?" అంటుంది. పిల్లకు పుంజు కావాలి గానీ గుడ్డుకు అక్కర్లేదు పిన్నీ అంటే, "ఏం చదువులో" అని మూతి తిప్పుకుంటుంది. తెల్లారగట్ల నాలుగింటికి కూసే పుంజుతో కాలనీలో ఎంతోకాలం మర్యాద మిగలదు. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఒకరోజు పిల్లల్ని కొంటే సగం పుంజులే తేలతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల పిల్లలు తెచ్చుకుంటే పుంజు పిల్లల జుట్టు ఎర్రబడి తెలిసిపోతుంది. బల్బు కింద వెచ్చగా పెంచే బాధా తప్పుతుంది. కొక్కెర తెగులు టీకా అప్పటికి ఎన్నిసార్లు వేశారో, తర్వాతిది ఎప్పుడు వెయ్యాలో అడిగి రాసుకోండి.

గుడ్లు పెట్టే వయసొచ్చాక దాణా ఒక్కో కోడికి రోజుకు 110 గ్రాముల దాకా కావాలి, అంటే నాలుగింటికి దాదాపు అరకిలో. లేయర్ దాణా కొని, పక్కన ఆల్చిప్పల పొడి ఒక చిప్పలో విడిగా పెట్టండి, కావలసినంత అవే తింటాయి. కూర కాడలు, తోటకూర దానికి అదనం. గూట్లో కింద వరి ఊక పరిచి, తడవకుండా చూస్తే వాసన రాదు. పావురాలు మేత దగ్గర వాలకుండా వల కట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం, అడవి పక్షుల రాకపోకల్ని తేలిగ్గా తీసుకోకూడదు.

రెండేళ్లు దాటితే గుడ్లు తగ్గుతాయి. కోడి మాత్రం ఇంకా ఏళ్లు బతుకుతుంది. అప్పుడు కోసుకుంటారా, ఊరికి పంపుతారా, ముసలిదాన్ని అలాగే సాకుతారా అన్నది పిల్లలు వాటికి పేర్లు పెట్టకముందే ఇంట్లో అనుకోవడం మంచిది.

కొనే ముందు కాలనీ సంఘం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. గోడ అవతలివాళ్లకు మీరే వెళ్లి చెప్పండి. తొలి గుడ్లు వాళ్లింటికే పంపండి.