అమరావతీనామ విమర్శనము

ఒకే నామమును బెక్కుపురములు ధరించుట లోకమున నరుదు కాదు. అట్టి పురములన్నియు నొక్కతల్లి బిడ్డలని తలఁచుట మాత్రము తొందరపాటు. అమరావతి యను పేరు కృష్ణాతీరమునఁ గలదు, విదర్భమునఁ గలదు, నేఁటి వియత్నాము నడిభాగమున వెలసిన చంపారాజ్యములో నొక మండలమునకును నుండెను. ఆంధ్రులు తమ యూరిపేరును సముద్రము దాఁటించి చంపలో నిలిపిరనుట యప్పుడప్పుడు వినవచ్చుచున్నది. ఇది మన యభిమానమునకుఁ బ్రియమైన మాట. కాని యభిమానము ప్రమాణము గాదు. కావున దీనిని విమర్శింపవలసియున్నది.

మొదట శబ్దమును జూతము. అమరశబ్దముపై మతుప్‌ప్రత్యయము చేరఁగా, అమరులు గలది యను నర్థమున నీ పద మేర్పడినది. నడుమ దీర్ఘము వచ్చుటకుఁ బాణిని 6-3-119 సూత్ర మాధారము. దానికిఁ గాశికావృత్తి యిచ్చిన యుదాహరణములలో అమరావతియు, ఉదుంబరావతియు రెండును గలవు. పురాణములలో అమరావతి యింద్రుని పట్టణము. పాలిభాషలోని జాతకములకుఁ బీఠికయగు నిదానకథలో నది దీపంకరబుద్ధుని కాలమున సుమేధుఁడను బ్రాహ్మణుఁడు నివసించిన పురము. కాఁబట్టి యీ పేరు పెట్టఁగోరినవారికి, వైదికులకైనను బౌద్ధులకైనను, గ్రంథములే చాలును. వేఱొక యూరు మాతృక కానక్కఱలేదు.

ఇఁక కృష్ణాతీరము. ప్రాచీనశాసనములలో నిచ్చటి పురము ధాన్యకటకము. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుఁడు హ్యూన్‌త్సాంగ్ కూడ నీ పేరుతోడనే దేశమును బేర్కొనెను. 1182లోఁ గోట కేతరాజు అమరేశ్వరాలయమున వేయించిన శాసనము పురమును ధాన్యకటకమనియే చెప్పి, యది దేవపురిని మించినదనియు, అచ్చట నమరేశ్వరుఁడును, చెంతనే బుద్ధుఁడును, మిక్కిలి యెత్తైన చైత్యమును గలవనియుఁ దెలుపుచున్నది. ఆ యూరిపేరే అమరావతియై యుండినచో, దేవపురితోఁ బోల్చిన యా కవి యంత సులభమైన శ్లేషను విడిచియుండునా? సింహళమందలి గడలాదెణియ శాసనము 1344లోఁ గూడ ధాన్యకటకమునే యెఱుఁగును. అమరేశ్వరునిబట్టి వచ్చిన అమరావతీనామము, 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు చింతపల్లినుండి తన రాజధాని నిచ్చటికి మార్చుటతో సుప్రసిద్ధమయ్యెను. ఆ దినములలోనే మెకంజీదొర స్తూపమును జూచెను. ఆపైని విద్వాంసు లచ్చటి శిల్పమునకు అమరావతీశిల్పమని పేరిడిరి. అనఁగా శిల్పము ప్రాచీనము. దాని పేరు నవీనము.

శాసనములలో లేకున్నను జనులవాడుకలో నీ పేరు ముందే యుండరాదా యని యాక్షేపింపవచ్చును. ఉండవచ్చును, కాని కానరాని సాక్ష్యముపై దేశాంతర వలసచరిత్రను నిలుపుట తగదు.

చంపలో అమరావతి 12వ శతాబ్దపు శాసనములలోఁ గానవచ్చును. ఆ మండలముననే 875 నాఁటికి ఇంద్రవర్మ పాలనలో ఇంద్రపురము వెలసియుండెను. చంప యను రాజ్యనామమే యంగదేశపు రాజధాని పేరు. ఇట్లు పురాణేతిహాసములనుండి పేర్లు దీసికొనిన వారికి, ఇంద్రుని పురముపేరు తోఁచుటకుఁ గృష్ణాతీరపు తోడ్పాటేల? ఆంధ్రులు తమ పురనామమునే కొనిపోయిరేని యచ్చట ధాన్యకటకము వినఁబడవలసినది. 1911లో డోంగ్‌డువోంగ్‌నఁ దొరకిన కంచుబుద్ధవిగ్రహమునఁ గొందఱు అమరావతీశిల్పచ్ఛాయను, గొందఱు సింహళచ్ఛాయను జూచిరి. అది శిల్పసంబంధవిచారము, నామసంబంధమునకు సాక్ష్యము గాదు.

విదర్భమందలి పట్టణము కథ యింకను భిన్నము. దానిని మహారాష్ట్రులు ఉమరావతి యనియు వాడిరి. ఉదుంబరము ప్రాకృతమున ఉంబర మగును. నేఁటికిని మరాఠీలో మేడిచెట్టు ఉంబరమే. ఉదుంబరావతి ఉంబరావతియై, ఉమరావతియై, తుదకు అమరావతి యయ్యెనని చెప్పుట ధ్వనిమార్పులకు సరిపోవుచున్నది. ఇది నిజమైనచో నా పేరున వేల్పులు లేరు, మేడిచెట్లే యున్నవి. కాశికలో నొకేచోట నిలిచిన రెండుపదములు లోకమున నొక్కరూపమునఁ గలిసిపోయినవి.

కాఁబట్టి నా మతమిది: పేరొకటి, పుట్టుకలు వేఱు. ఒకచోట దేవాలయము, ఒకచోట పురాణము, ఒకచోట వృక్షము కారణములు. 2015లో ఆంధ్రప్రదేశమున నూతనరాజధానికి అమరావతి యని పేరిడిరి. మంచిపేరే. కాని రెండువేలయేండ్ల వైభవమును జెప్పునప్పుడు ఆ వైభవమును మోసిన పేరు ధాన్యకటకమని మఱవరాదు. పరదేశమున లేని గౌరవమును వెదకఁబోయి, యింటిలోని శాసనములు చెప్పు పేరును బోఁగొట్టుకొనుట మనకు మేలు గాదు.