దంతసాక్ష్యానికి శాస్త్రరూపమిచ్చిన అమోయెడో

మృతదేహాల గుర్తింపులో దంతవైద్యం పాత్రను తొలిసారి సమగ్ర గ్రంథంగా రాసినవాడు ఆస్కార్ అమోయెడో. 1863లో క్యూబాలోని మతాంజాస్‌లో పుట్టిన ఆయన హవానాలోనూ, ఆ తర్వాత న్యూయార్క్‌లోనూ చదువుకున్నాడు. 1889లో అంతర్జాతీయ దంతవైద్య మహాసభకు ప్రతినిధిగా పారిస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మరుసటి ఏడాది నుంచి దంతవైద్య కళాశాలలో బోధించాడు. ఫోరెన్సిక్ దంతవైద్య పితామహుడన్న పేరు ఆయనకు ఒక ఘోర దుర్ఘటన తర్వాత వచ్చింది.

1897 మే 4న పారిస్‌లో ధనిక కుటుంబాల స్త్రీలు ఏటా నిర్వహించే ధర్మ విక్రయశాల ‘బజార్ ద లా షారితే’కు నిప్పంటుకుంది. సినిమా ప్రదర్శన యంత్రంలోని ఈథర్ దీపం వల్ల మొదలైన మంట క్షణాల్లో కర్ర కట్టడమంతా వ్యాపించింది. 126 మంది చనిపోయారు. చాలామందిని బట్టలు, నగలు చూసి బంధువులు గుర్తుపట్టారు. మిగిలినవారిని గుర్తుపట్టే ఆనవాలేదీ మిగల్లేదు. అప్పుడు వారికి వైద్యం చేసిన దంతవైద్యులను పిలిపించాలని పారిస్‌లోని పరాగ్వే కాన్సుల్ సూచించాడు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ చెల్లెలైన అలెన్సాన్ డచెస్‌ను ఆమె దంతవైద్యుడు ఐజాక్ డావెన్‌పోర్ట్ పళ్లలోని బంగారు ఫిల్లింగుల ఆధారంగా పోల్చుకున్నాడు.

ఆ గుర్తింపులు చేసింది ఇతర వైద్యులు. వారి అనుభవాలను సేకరించి, విశ్లేషించి, అందరూ అనుసరించదగిన పద్ధతిగా మలచింది అమోయెడో. అదే ఏడాది మాస్కోలో జరిగిన వైద్య మహాసభకు ఆ వివరాలు నివేదించాడు. 1898లో న్యాయవైద్యంలో దంతశాస్త్రంపై ఫ్రెంచ్‌లో పెద్ద గ్రంథం వెలువరించాడు. 1945లో ఆయన మరణించాడు.

మంటల్లోనూ పళ్లు మిగలడానికి కారణముంది. పంటి పైపొర అయిన ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. అందులో దాదాపు 96 శాతం ఖనిజమే. పైగా పెదవులు, బుగ్గలు, నాలుక పళ్లకు కాపుగా ఉంటాయి. అందుకే మంటల్లో ముందు పళ్లు పగిలినా దవడ పళ్లు తరచు నిలుస్తాయి. పెద్దవారి నోట్లో ఉండే 32 పళ్లలో ఏది ఊడింది, ఏది పిప్పి పట్టింది, దేన్ని దేనితో పూడ్చారు, వేరు ఎటు వంగింది అన్న వివరాలన్నీ కలిస్తే ఆ అమరిక మరొకరిలో కనిపించడం చాలా అరుదు.

గుర్తింపు పని మూడు దశల్లో సాగుతుంది. మొదట మృతదేహం పళ్లను పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, పటం నింపుతారు. తర్వాత ఆ దేహం ఎవరిదని అనుమానమో, ఆ వ్యక్తికి బతికుండగా వైద్యం చేసిన దంతవైద్యుడి దగ్గరున్న రికార్డును తెప్పిస్తారు. చివరగా రెంటినీ పంటి పంటికీ పోలుస్తారు. ప్రతి పంటికీ రెండంకెల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 36 అంటే కింది ఎడమ దవడలో ఆరో పన్ను. పాత రికార్డులో ఆ పన్ను ఉండి, మృతదేహంలో లేకపోతే మధ్యకాలంలో పీకించుకుని ఉండవచ్చు. పీకేసినట్టు రికార్డులో ఉన్న శాశ్వత దంతం మృతదేహంలో చెక్కుచెదరకుండా కనిపిస్తే మాత్రం, రికార్డు సరైనదైనంతవరకూ ఆ వ్యక్తి వేరు. వివరించగల తేడా ఏదో, వివరించలేని తేడా ఏదో తేల్చడంలోనే ఫోరెన్సిక్ దంతవైద్యుడి నేర్పు ఉంది.

వేలిముద్రలు, డీఎన్ఏలతో పాటు పళ్లను కూడా ఇంటర్‌పోల్ ప్రధాన గుర్తింపు ఆధారంగా పరిగణిస్తుంది. 2004 సునామీ తర్వాత థాయ్‌లాండ్‌లో తొలి నెలల్లో గుర్తించిన విదేశీయుల్లో అత్యధికులను పళ్లే పట్టించాయి. పోల్చడానికి రికార్డులు అంతగా లేకపోవడంతో స్థానికుల విషయంలో ఆ పద్ధతి అంతగా పనికిరాలేదు.

పళ్లు వయసు కూడా చెబుతాయి. పిల్లల్లో పళ్లు ఏర్పడే క్రమాన్ని ఎక్స్‌రేలో చూసి అంచనా వేస్తారు. పెద్దవారికి స్వీడన్ శాస్త్రవేత్త గోస్టా గుస్టాఫ్సన్ 1950లో ఆరు మార్పులతో పద్ధతి చూపాడు: పన్ను అరగడం, చిగురు జారడం, లోపల కొత్త డెంటిన్ చేరడం, వేరు మీద సిమెంటం మందమవడం, వేరు కరగడం, వేరు పారదర్శకం కావడం. ఒక్కో మార్పుకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తాన్ని బట్టి వయసును లెక్కగడతారు.

చర్మంపై పంటిగాట్లను బట్టి నేరస్థుణ్ణి పట్టుకోవడం మాత్రం ఇంత నమ్మదగింది కాదు. చర్మం సాగుతుంది, వాస్తుంది, రంగు మారుతుంది. అమెరికాలో పంటిగాటు సాక్ష్యంతో 1992లో మరణశిక్ష పడిన రే క్రోన్ నిర్దోషి అని 2002లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది. ఈ పద్ధతికి తగిన శాస్త్రీయ పునాది లేదని 2009లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ కమిటీ హెచ్చరించింది. తన విద్య ఎంతవరకు చెప్పగలదో తెలుసుకుని అక్కడే ఆగే నిపుణుడే కోర్టుకు మేలు చేస్తాడు.

ఈ శాస్త్రం బలమంతా మామూలు దంతవైద్యుడి చీటీలో ఉంది. ఏ పంటికి ఏం చేశారో ఆసుపత్రివారు తేదీతో సహా రాసి భద్రపరచాలి. రోగి కూడా ఎక్స్‌రేలను, చీటీలను పారేయకుండా దాచుకోవాలి. ఆపద వచ్చిన రోజున తమవారు ఎవరో తెలియక తల్లడిల్లే కుటుంబానికి అవే జవాబు చెబుతాయి.