గాలి ఆగితే సముద్రమూ ఆగుతుందా?

రెండవ ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ జలాంతర్గామికి మనల్ని నాయకుణ్ణి చేసే కంప్యూటర్ ఆట 'సైలెంట్ హంటర్ 3'. యూబీసాఫ్ట్ సంస్థ దీన్ని 2005లో విడుదల చేసింది. ఆట మొదలుపెట్టే ముందు ఇందులో ఒక పట్టిక కనిపిస్తుంది. బ్యాటరీ అయిపోవాలా, టార్పెడోలు అప్పుడప్పుడు పేలకుండా పోవాలా, గురి లెక్కలు మనమే కట్టుకోవాలా అంటూ అడుగుతుంది. అన్నిటికీ ఔనంటే వాస్తవికత 100 శాతమని తేలుస్తుంది. మరి సముద్రం మాటేమిటి? ఆ పట్టికలో దానికి చోటే లేదు.

చూడడానికి మాత్రం ఆ సముద్రం నేటికీ బాగానే ఉంటుంది. నా పేచీ అందంతో కాదు. ఆటలో అల ఎత్తు ఆ పూట వీచే గాలిని బట్టి ఉంటుంది. గాలి తగ్గితే సముద్రమూ బుద్ధిగా తగ్గుతుంది. నిజానికి అలకు గాలివేగం ఒక్కటే చాలదు. ఆ గాలి ఎంతసేపు, ఎంత దూరం వీచిందన్నది కూడా ముఖ్యం. ఒకసారి లేచిన పొడవాటి అలలు గాలి ఆగాక కూడా ప్రయాణిస్తూనే ఉంటాయి. గాలి లేని పూట విశాఖ ఒడ్డున విరిగే అలల్లో కొన్ని వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టినవే.

పైగా ఆటలో గాలి సెకనుకు 15 మీటర్లు దాటదు. శీతాకాలపు ఉత్తర అట్లాంటిక్‌లో 25 మీటర్ల గాలి వింతేమీ కాదు. పూర్తిగా ఎదిగిన సముద్రంలో అల ఎత్తు దాదాపు గాలివేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. 15 మీటర్ల గాలికి అల 5 మీటర్లు లేస్తే, 25 మీటర్ల గాలికి దాదాపు 14 మీటర్లు లేస్తుంది. ఈ తేడా చిన్నదా?

ఇక ఓడ ఊగడం సంగతి. ఆటలోని ఏడవ రకం జలాంతర్గామి పొడవు 67 మీటర్లు. అంతే పొడవున్న అల సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే సుమారు 20 నాట్లతో పరుగెడుతుంది. దానికి ఎదురుగా 10 నాట్లతో వెళితే నాలుగున్నర సెకన్లకొక అల తగులుతుంది. అదే వేగంతో వెనుదిరిగితే 13 సెకన్లకొకటి. ముక్కు లేచి పడే తీరు పూర్తిగా మారిపోవాలి. చేతి గడియారం దగ్గర పెట్టుకుని పాఠకులే చూడవచ్చు. నా కంటికైతే ఓడలు తొట్టిలో వేసిన బొమ్మల్లా, తమ బరువు మరచి తొందరగా ఊగుతున్నట్టు తోచాయి. కొందరు ఔత్సాహికులు ఆట ఫైళ్లు తెరిచి, ఓడల గరిమనాభిని సవరించుకున్నది ఈ అసంతృప్తితోనే.

మునిగితే కుదుపు పోతుందా? 200 మీటర్ల పొడవైన అల కింద, పెరిస్కోపు పైకెత్తే 13 మీటర్ల లోతులో కూడా నీటి కదలికలో మూడింట రెండొంతులు మిగిలే ఉంటుంది. 100 మీటర్లకు దిగితేనే అది 4 శాతమవుతుంది. గురి చూసే నావికుడికి అసలు కష్టం ఆ 13 మీటర్ల దగ్గరే. ఆ కష్టం పెట్టనప్పుడు 100 శాతమని మార్కులెందుకు వేసినట్టు?